ఎరుపు మీద ఎరుపు అక్షరాలు

మా బాబాయి పోయాక, చిన్నకర్మ ముగిసిన మధ్యాహ్నం, పిన్ని నన్ను లోపలి గదిలోకి పిలిపించింది. మూలన చాప మీద కూర్చుని ఉంది. పెద్దకర్మ దాకా ఆవిడ గడప దాటకూడదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

“అబ్బాయ్, మీ బాబాయిది కళ్ళు తెరిచున్న ఫోటో ఒకటి చేయించుకురారా.”

చేయించుకురా అంది. వెతికి తీసుకురా అనలేదు. అలాంటి ఫోటో భూమ్మీద లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

కెమెరా బయటికి తీస్తే చాలు, బాబాయి రెప్పలు బందు రోజు కొట్టు షట్టర్లలాగా దిగిపోయేవి. పెళ్ళి ఫోటోలో తలంబ్రాలు పోస్తూ నిద్రపోతున్నాడు. ఓటరు కార్డులో నిద్రపోతున్నాడు. బంధువుల పెళ్ళిళ్ళలో ముప్పై మంది వరసగా నుంచున్న ఫోటోలో ఆయన్ని పట్టుకోవటం చాలా తేలిక, అందరూ మేలుకుని ఉంటే ఒకడు నిలబడి గుర్రు పెడుతుంటాడు. మా బాబాయి దెబ్బకి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వృత్తి మానుకుని మిరపనారు పోసుకున్నారని నేను చాలాకాలం ప్రచారం చేశాను. సగం ఊరు నమ్మింది. ఆధార్ తీసే కుర్రాడు విసిగిపోయి, రెండు వేళ్ళతో రెప్పలు పైకి పట్టుకుని మరీ కంటిపాపల్ని మెషీన్లోకి ఎక్కించాడు. అంటే ఈ దేశంలో ఎక్కడో ఒక ప్రభుత్వ కంప్యూటర్లో మా బాబాయి కళ్ళు భద్రంగా తెరుచుకునే ఉన్నాయి. కార్డు మీద ఫోటోలో మాత్రం మూసుకునే ఉన్నాడు. వీడియోల సంగతి చెప్పక్కర్లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే ఆయన వీపు తిప్పేవాడు.

“పెద్దగా, మొహం బాగా కనపడేది నీ పుస్తకం మీద బొమ్మొక్కటేగా. దాంతోనే చేయించు” అంది పిన్ని.

“అందులోనూ కళ్ళు మూసుకునే ఉన్నాడుగా పిన్నీ.”

“అందులో చచ్చిపోయుండాడు గదరా, మూసుకోక ఏంజేస్తాడు?”

ఆ మాట అన్నాక ఆవిడ చాప అంచు సర్దుకుంది. 

“రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీకి కాదురా నేనడిగేది. అది మగోళ్ళ గోల. గోడకి పెట్టుకుంటే నా వంక చూస్తన్నట్టుండాలి. ఇన్నేళ్ళ కాపరంలో ఒక్క ఫోటోలోనన్నా నా వంక చూడలా ఆ మనిషి.”

సరే పిన్నీ అని లేచాను. అక్కడ కూర్చున్నవాడెవడైనా ఆ మాటే అనేవాడు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. నేను మర్డర్ నవలలు రాస్తాను. నేనే రాసి, నేనే అచ్చేయించి, నేనే సంచిలో వేసుకుని తిరిగి, చివరికి నేనే చదువుకుంటాను. రచయిత, ప్రచురణకర్త, పంపిణీదారు, పాఠకుడు అంతా ఒకే ఇంట్లో ఉండటం వల్ల రవాణా ఖర్చు బాగా తగ్గుతుంది.

ముఖచిత్రాలు మాత్రం నావి కావు. అవి పర్చూరులో ఫ్లెక్సీ షాపాయనవి. ఆయనే డిజైనరు, ఆయనే కెమెరామన్, మెషీను మొరాయిస్తే ఆయనే మెకానిక్కు. నాయకుల పుట్టినరోజులు, ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లు, పురుగుమందుల షాపు ప్రారంభోత్సవాలు, శ్రద్ధాంజలులు – చుట్టుపక్కల ఊళ్ళలో మనిషి పుట్టినా పోయినా ఆయన చేతి మీదుగానే జరగాలి. ఆయన ఖాళీని ఒప్పుకోడు. ఖాళీ అంటే అక్కడ ఎవరో తగ్గారని లెక్క. ఫ్లెక్సీ మీద జానెడు జాగా వదిలితే అందులో ఉండాల్సిన బావమరిది ఏడని ఊళ్ళో కొట్టుకుంటారు. ఆ భయంతో బతికిన మనిషికి నా మొదటి నవల అప్పజెప్పాను.

ఆ ముఖచిత్రం మీద కత్తి, ఉరితాడు, పుర్రె, పున్నమి చంద్రుడు, పోలీసు జీపు, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, ఒక నల్ల పిల్లి ఉన్నాయి. నా నవలలో పిల్లి లేదు. రివాల్వర్ ఒకటి ఉంది. అది ఎంత పెద్దదంటే, పేల్చాలంటే ఇద్దరు మొయ్యాలి, ఒకడు పక్కనుండి అదిలించాలి. వీటన్నిటి మధ్యలో, అన్నిటికంటే పెద్దగా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చేతులు జోడించి నేను. హంతకుడెవరో పుస్తకం తెరవకుండానే అందరికీ తెలిసిపోయింది. అట్ట కింది భాగం చూపించి ఆయన, “ఇక్కడ శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫోటోలు ఎవరెవరివి పెడదామండీ?” అని అడిగాడు. అది ఒక్కటి మాత్రం నేను ఆపగలిగాను.

అందుకని రెండో నవలకి ముందే ఒట్టు పెట్టించుకున్నాను. బొమ్మ ఒకటే ఉండాలి. శవం. నవల పేరు ‘కల్లంలో శవం’. మిరపకాయలు ఆరబోసిన కల్లం మీద తెల్లారేసరికి ఒక కామందు చచ్చి పడుంటాడు. ఎర్రటి కాయల మీద తెల్ల చొక్కా. అంతే.

“శవం ఎవరండీ?” అన్నాడు షాపాయన.

ఇంకెవరు? కెమెరా చూడగానే కళ్ళు మూసేసే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

ఆ ఏడు బాబాయి కౌలుకి వేసిన మిరప విరగకాసింది. కల్లంలో కాయలు పరిస్తే, దూరం నుంచి చూసినవాళ్ళు ఊరు తగలబడుతోందని బిందెలతో పరిగెత్తుకొచ్చారు. సరే, ఒకళ్ళిద్దరు వచ్చారు. పొద్దు వాలేవేళ మేం వెళ్ళేసరికి ఒక పక్క కూలీలు రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

“బాబాయ్, కాసేపు కదలకుండా పడుకోవాలి.”

“ఆ పని చేయనిచ్చే నాథుడే లేడురా ఈ ఇంట్లో. ఎక్కడ పడుకోవాలో చెప్పు” అని చెప్పులు విడిచి, కాయల మధ్యలోకి పిల్లిలా నడిచి వెళ్ళి, మెల్లగా వాలాడు.

“ఏం బాబాయా, పోయేటప్పుడు గూడా కాయ నలక్కండా పోతన్నావే!” అంది ఒక కూలీ. అందరూ నవ్వారు.

“నలిగితే యార్డులో రేటు తగ్గిద్దే పిచ్చిదానా. చచ్చినోడికైనా ఆ మాత్రం గ్యానం ఉండాలి.”

అంతలో పిన్ని టీ క్యాను పట్టుకుని వచ్చింది. కల్లం మధ్యలో మొగుణ్ణి వెల్లకిలా పడేసి ఒకడు కెమెరాతో చుట్టూ తిరుగుతుంటే చూసింది.

“ఓరి మీ మొహాలు మండ! బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టినట్టు పడుకోబెడతారా? నీ కతలు తగలెయ్య, నీకు చంపటానికి ఇంకెవుడూ దొరకలేదంట్రా? ఏవయ్యా, నీకన్నా బుద్ధుండక్కర్లా? లే! ఆ కాయల ఘాటుకి రొప్పొచ్చి రాత్రంతా దగ్గుతావు, మళ్ళా మిరియాల కషాయం నేనే కాయాల...”

ఆవిడ ఆగలేదు. మా పిన్ని తిట్టటం మొదలుపెడితే పర్చూరు నుంచి బయల్దేరిన బస్సు ఒంగోలు చేరాక ఇంకా రెండు వాక్యాలు మిగులుతాయి. షాపాయన చెమటలు తుడుచుకుంటూ, “బాబాయి గారూ, నవ్వకండి. చచ్చినోడు నవ్వడండీ” అన్నాడు.

“నవ్వట్లేదయ్యా” అన్నాడు బాబాయి, కళ్ళు తెరవకుండా. “ఇంటన్నా.”

తీసిన ఫోటోలన్నిట్లోనూ శవం నవ్వుతూనే ఉంది. పెదాల చివర ఒక చిన్న నవ్వు. భోజనం చేసి పడుకున్న మనిషి మొహం. హత్య జరిగినట్టు ఏ కోశానా లేదు.

పేరు దగ్గర షాపాయన మొండికేశాడు. “మర్డరంటే ఎరుపేనండీ. నీలం పెడితే నీళ్ళ ట్యాంకు ప్రారంభోత్సవం అనుకుంటారు.” బొమ్మలో బాబాయి తలకి పైన పరుచుకున్న కాయల మీద ఎర్రటి అక్షరాలు పరిచాడు. కంప్యూటర్లో ఎలా కనపడ్డాయో గానీ, నమూనా కాగితం మీదికి వచ్చేసరికి పేరు మిరపకాయల్లో కలిసిపోయింది. మనిషిని నిలబెట్టి అడిగినా అక్షరం చూపించలేడు.

“కనపడకపోతే మెరిపిద్దాం” అన్నాడు ఆయన. ఒంగోలు ప్రెస్సులో ఆ అక్షరాల వరకూ అద్దంలాంటి పూత పోయించాడు. ఇప్పుడు పుస్తకాన్ని వెలుతురుకి ఏటవాలుగా తిప్పితే, ఒక కోణంలో మాత్రం, పేరు మెరిసి మాయమయ్యేది. కొనేవాళ్ళు దొంగనోటు పరీక్ష చేసినట్టు అటూ ఇటూ తిప్పి, ఏమీ కనపడక తిరిగి అక్కడే పెట్టేవాళ్ళు. బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టాయన దాన్ని వ్యవసాయం అరలో సర్దాడు. ఎరువుల షాపులో ఒక రైతు అట్టంతా తడిమి చూసి, “ఇది ఏ కంపెనీ ఇత్తనమండీ? ఏం మందు కొట్టాడు?” అని అడిగాడు. ఆ మనిషిని ఎవరు చంపారని మాత్రం ఎవరూ అడగలేదు. అసలు చచ్చాడనే ఎవరూ అనుకోలేదు.

బాబాయి ఒక్కడే దాన్ని గొప్ప పుస్తకం అన్నాడు. చదవలేదు. అట్ట చూశాడు. గుంటూరు యార్డుకి సరుకు తోలుకెళ్ళినప్పుడు ఒక కాపీ చంకలో పెట్టుకెళ్ళి, కనపడ్డ ప్రతివాడికీ చూపించాడు. “ఇది నేనే. చచ్చిపోయా.”

తర్వాతి ఏళ్ళు అలాంటివి కావు. పూతకి నల్ల తామరపురుగు పట్టింది. ఆకు ముడుచుకుంది, పూత రాలింది, కొట్టిన మందు మీదే మళ్ళీ మందు కొట్టాడు. కౌలు చేలు ఒక్కొక్కటే వదులుకున్నాడు. మనిషి ఎండిపోయాడు, మెడ చుట్టూ చొక్కా కాలరు చేదబావి ఒరలాగా నిలబడేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకం తీసేవాడు. తన బొమ్మ వంక చూసేవాడు కాదు. వేలితో పైనున్న ఎరుపంతా రాసేవాడు. “చూడరా, ఎట్టాంటి కాయో. మళ్ళా అట్టాంటి కాయ రాలేదురా.” నేను నవ్వించటానికి ఏదో అనేవాణ్ణి. ఆయన మర్యాదకి నవ్వేవాడు.

ఆయన ఆ కల్లంలోనే పోయి ఉంటే నవలలు రాసేవాడిగా నాకు ఎంతో కలిసొచ్చేది. కానీ ఒంగోల్లో ఒక ఆసుపత్రి వరండాలో, లోపల మంచం ఖాళీ అయ్యేలోపు, స్ట్రెచర్ మీద పోయాడు. గుండె. పక్కన నేను ఒక్కణ్ణే ఉన్నాను. పిన్నిని ఆటోలో తీసుకొస్తున్నారు, ఇంకా దారిలోనే ఉంది. అప్పుడు ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. చుట్టుపక్కల కెమెరా ఏదీ లేదు కదా. నర్సు చెబితే నేనే నా చేత్తో మూశాను.

పిన్ని అడిగిన మర్నాడు ఆ ఫోటో కోసం పర్చూరు వెళ్ళాను. విషయం విని షాపాయన కుర్చీలోంచి లేచి నుంచున్నాడు. ఆ రోజు తీసిన ఫోటోలన్నీ ఉన్న హార్డ్ డిస్కు ఏనాడో కాలిపోయింది. నేను తీసుకెళ్ళిన పుస్తకం అట్టనే స్కాన్ చేశాడు. వెల్లకిలా ఉన్న తలని కోసి నిలువుగా తిప్పాడు. పడుకున్న మనిషి మొహాన్ని నిలబెడితే బుగ్గలు చెవుల వైపు జారి ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. జుట్టు గాల్లోకి పోతోంది. దాన్ని దువ్వాడు.

“కళ్ళకేం ఇబ్బంది లేదండీ. మన దగ్గర చాలా ఉన్నాయి” అన్నాడు.

తెర మీద ఒక ఫోల్డర్ తెరిచాడు. దాని నిండా కళ్ళే. మొహాలు లేవు. జతలు జతలుగా కళ్ళు.

“ఇవన్నీ ఎవరివి?”

“శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకి వచ్చినవాళ్ళయేనండీ. చాలామందివి ఫోటోలుండవు, పోయినాక ఫోనులో తీసి తెస్తారు. మూసిన కళ్ళతో ఫ్లెక్సీ వేస్తే ఇంటోళ్ళు తీసుకోరు. అందుకని ఒకళ్ళయి తీసి ఒకళ్ళకి పెడతా. వయసు సరిపోతే చాలు.”

మా మండలంలో పోయినవాళ్ళందరూ ఒకరి కళ్ళతో ఒకరు రోడ్ల మీదికి చూస్తున్నారన్నమాట. నవ్వొచ్చే సంగతే. అక్కడ నవ్వు రాలేదు.

ఆయన ఒక్కొక్క జతా పెట్టి నా ఫోనుకి పంపటం, నేను బండి మీద వెళ్ళి చీకటి గదిలో పిన్నికి చూపించటం, ఇది పెద్దకర్మ ముందు రోజుదాకా నడిచింది.

“ఇయ్యి ఎవరో కుర్రోడియి” అంది మొదటిది చూసి. “ఇంకా మిరప ఎయ్యనోడి కళ్ళు.”

రెండోది చూసి, “ఇదేందిరా, ఓట్లడగటానికొచ్చినట్టు చూస్తన్నాడు?”

మూడోదాని మీదికి వంగి, చాలాసేపు చూసి, “ఇయ్యి ఆడమనిషియి. కాటిక గూడా తుడవలా మీ ఫ్లెక్సీ ఆయన” అంది.

చివరికి షాపాయన నా వంక చూశాడు. “ఆ ఇంటి పోలిక మీకుంది గదండీ. ఇట్టా చూడండి ఒకసారి.” తీశాడు. పెట్టాడు. తెర మీద మా బాబాయి మొహంలోంచి నేను నన్ను చూశాను. అంత పెద్ద అబద్ధం నా నవలల్లో కూడా రాయలేదు. కానీ నిజానికి దగ్గరగా ఉంది. జత బాగా అతికింది.

పిన్ని ఫోను రెండు చేతులతో పట్టుకుంది. మొహం దగ్గరికి తెచ్చుకుని చూసింది. నాకు ఆశ పుట్టింది.

“ఇయ్యి నీయి గదరా.”

“ఔను పిన్నీ.”

“ఎవురి మీద ఏం అల్లుదామా అని ఎతుక్కునే చూపు. ఆయనకి ఆ చూపు లేదు.” ఫోను నా ఒళ్ళో పెట్టింది. “చాల్లే. ఇంక కళ్ళు మార్చమాక. ఆ పుస్తకం ఇట్టా తే.”

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆవిడ అట్టని చీర చెంగుతో తుడిచింది. వేలు ఆయన పెదాల చివర ఆగింది.

“నవ్వుతన్నాడు.”

“ఔను. నా నవల దాంతోనే పోయింది.”

“నేనప్పుడు తిడతన్నాగా.” వేలు అక్కడే ఉంచి అంది, “చూడలా. ఇంటన్నాడు.”

గదిలో పొద్దు తగ్గింది. బయట మా నాన్న వంటవాళ్ళతో విస్తరాకుల గురించి అరుస్తున్నాడు.

“ఇదే అద్దం కట్టించుకురా” అంది. “కొయ్యమాక. కాయలతో సహా.”

“పైన అక్షరాలున్నాయి పిన్నీ.”

“ఏయి? నాకేం కనపళ్ళేదే.”

చదవటం ఆవిడకి బాగానే వచ్చు, పేరు కూడా తెలుసు. నేను పుస్తకాన్ని తీసుకుని అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఆ చీకట్లో ఒక్క అక్షరం మెరవలేదు. ఆయన పైన మిరపకాయలే ఉన్నాయి.

“కనపడవు” అన్నాను.

అట్ట విడదీసి అద్దం కట్టించాను. వెనక అట్ట మీద నా ఫోటో ఉంది, నల్ల కళ్ళద్దాలతో. వెనక్కి మడిచి కట్టారు గనక అది గోడ వైపు తిరిగింది.

షాపాయన మాత్రం, మా నుంచి వద్దనే కబురు అందకపోవటంతో, ఆఖరి జతతోనే ఫ్లెక్సీ కొట్టి పంపేశాడు. మా నాన్న చూసి బాగుందన్నాడు. ఊరి సెంటర్లో కట్టారు. పెద్దకర్మకి వచ్చినవాళ్ళు అన్నం తింటూ ఫ్లెక్సీ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశారు.  ఆ తర్వాత అకాలంగా వాన పడితే ఎవరో దాన్ని విప్పి పత్తి కుప్ప మీద కప్పారు. నా కళ్ళు రెండూ ఆకాశం వంక చూస్తూ తడిశాయి. ఫ్లెక్సీ మంచి సరుకు. పత్తి తడవలేదు.

మొన్నీమధ్య సాయంత్రం పిన్నిని చూడటానికి వెళ్ళాను. ముందు గదిలో నేల మీద కూర్చుని ఎవరివో తాలుకాయలు చేటలో ఏరుతోంది. ఇప్పుడు కూలికి ఇంటికే తెచ్చుకుంటోంది. బొమ్మ ఎదురుగోడకి ఉంది. ఏదో మాట్లాడుతూ తల ఎత్తితే, పడమటి గుమ్మంలోంచి ఎండ మెల్లగా గోడ ఎక్కుతోంది. పటం అంచుకి తగిలింది. కాయల్లోంచి ముందు ఒక తలకట్టు మెరిసింది, తర్వాత ఒక సున్న, తర్వాత పేరంతా ఒక్కసారిగా లేచి నుంచుంది. ఆయన తల మీద ‘శవం’ అని, అద్దంలాగా, ఊళ్ళో ఏ ఫ్లెక్సీ మీదా లేనంత స్పష్టంగా. షాపాయన పెట్టిన ఖర్చుకి ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది.

పిన్ని తల ఎత్తలేదు. చేట దించకుండానే కాలు చాపి తలుపు రెక్క ఒకటి దగ్గరికి నెట్టింది. ఆ నెట్టటంలో ఏ తొందరా లేదు. తలుపు కింద నేల మీద ఆ రెక్క రోజూ తిరిగిన గీత తెల్లగా పడి ఉంది.

గది చీకటయింది. అక్షరాలు కాయల్లోకి దిగిపోయాయి. తాలు ఏదో, మంచి కాయ ఏదో ఆ చీకట్లో నాకు తెలియటం లేదు. ఆవిడ చేత్తో తడిమి ఏరుతూనే ఉంది.